తప్పు చూపినవాడికి బహుమానమా, కేసా?

1963లో డాక్టర్ అబ్రహాం కోవూర్ శ్రీలంకలో ఒక సవాలు విసిరారు. మోసానికి తావులేని పరిస్థితుల్లో ఎవరైనా ఒక్క అద్భుతశక్తిని చూపిస్తే అక్కడి లక్ష రూపాయలు ఇస్తానన్నారు. 1978లో ఆయన చనిపోయేదాకా ఆ డబ్బు ఎవరూ గెలుచుకోలేదు. ఈ సంగతి మన మిత్రులందరికీ తెలిసిందే.

దీన్ని తిరగేసిన సవాలు ఒకటి కంప్యూటరు రంగంలో ఉంది. డొనాల్డ్ నూత్ అనే అమెరికన్ ప్రొఫెసర్ తన పుస్తకాల్లో ఒక తప్పుని ముందుగా పట్టుకున్నవారికి 2 డాలర్ల 56 సెంట్ల చెక్కు పంపేవారు. ఆయనే రాసిన టెక్ అనే అక్షరకూర్పు సాఫ్టువేరులో తప్పు పడితే వచ్చే బహుమానం ఏటేటా రెట్టింపై 327 డాలర్ల 68 సెంట్ల దగ్గర ఆగింది. చాలామంది ఆ చెక్కుని బ్యాంకుకి తీసుకుపోకుండా ఫ్రేము కట్టించి గోడకి తగిలించుకున్నారు.

కోవూర్ "నీ మాట నిజమని రుజువు చెయ్యి" అన్నారు. నూత్ "నా పని తప్పని రుజువు చెయ్యి" అన్నారు. మొదటిది ఎదుటివాడిని అడిగే ప్రశ్న. రెండోది తనని తాను పరీక్షకు పెట్టుకోవడం. రెండోదే కష్టం. ఈ రెండో రకం సంప్రదాయం ఎలా పెరిగిందో, మన దేశ రాజధానికి చేరేసరికి ఏమైందో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు "బగ్గు" అనే మాట గురించి. 1947 సెప్టెంబరు 9న హార్వర్డ్ మార్క్ 2 కంప్యూటరులో ఒక రెక్కల పురుగు ఇరుక్కుని దొరికిందనీ, గ్రేస్ హాపర్ దాన్ని పట్టుకున్నారనీ, అప్పటినుంచే ఆ మాట పుట్టిందనీ పాఠ్యపుస్తకాల్లో కూడా రాస్తారు. పురుగు దొరికిన మాట నిజం. దాన్ని లాగ్ పుస్తకంలో టేపు వేసి అంటించారు, ఆ పేజీ ఇప్పటికీ భద్రంగా ఉంది. కానీ హాపర్ ఆ కథని ప్రచారంలోకి తెచ్చారే తప్ప పురుగుని పట్టింది ఆవిడ కాదు. యంత్రంలోని లోపాన్ని "బగ్గు" అనడం 1870ల్లో ఎడిసన్ ఉత్తరాల్లోనే కనిపిస్తుంది. పురుగు పక్కన రాసిన వాక్యం కూడా "నిజం బగ్గు దొరికింది" అన్న హాస్యమే. ఆ మాట ముందే వాడుకలో లేకపోతే ఆ హాస్యానికి అర్థమే లేదు.

అయితే ఆ పేజీలో మనకి పనికొచ్చే విషయం వేరే ఉంది. లోపం దొరికిన తేదీ, సమయం, చోటు రాసిపెట్టారు. పురుగుని పారెయ్యలేదు, సాక్ష్యంగా అంటించారు. బగ్ రిపోర్టు అంటే ఇదే.

మంచి బగ్ రిపోర్టులో మూడు విషయాలుంటాయి. నేను ఏం చేశాను? ఏం జరగాలి? నిజానికి ఏం జరిగింది? ఇంతే. "మీ సాఫ్టువేరు పనికిమాలినది" అనడం రిపోర్టు కాదు. "నాకు అలా అనిపించింది" అన్నా చాలదు. అవే మెట్లు ఇంకొకరు తమ కంప్యూటరులో ఎక్కితే అదే లోపం కనిపించాలి. కనిపించకపోతే రిపోర్టు నిలవదు. సైన్సులో ప్రయోగానికి ఉన్న షరతే ఇది. ఇక్కడ చెప్పినవాడి హోదాతో పనిలేదు. పదో తరగతి కుర్రాడు రాసినా, పదేళ్ళ అనుభవం ఉన్న ఇంజనీరు రాసినా పరీక్ష ఒక్కటే.

ఓపెన్ సోర్సు ప్రాజెక్టులు దీన్ని ఒక వ్యవస్థగా మార్చాయి. 1993లో మొదలైన డెబియన్ అనే లినక్స్ ప్రాజెక్టులో, 1994లో ఇయాన్ జాక్సన్ ఒక బగ్ ట్రాకింగు పద్ధతి తయారుచేశారు. ఎవరైనా ఒక ఈమెయిలు పంపితే చాలు, ఆ ఫిర్యాదుకి ఒక నంబరు పడుతుంది. దానిమీద ఎవరేమన్నారు, ఎవరు సరిచేశారు, ఎవరు ఎందుకు కొట్టిపారేశారు అన్నదంతా ఆ నంబరు కింద నిలిచిపోతుంది. 1997లో డెబియన్ ప్రకటించిన సామాజిక ఒప్పందంలో ఒక షరతు ఏమిటంటే, మేము లోపాలను దాచము, మా బగ్గుల చిట్టా మొత్తం ఎప్పుడూ జనానికి తెరిచే ఉంటుంది అని. 1998లో మొజిల్లా కోసం టెర్రీ వైస్‌మన్ రాసిన బగ్‌జిల్లాతో ఈ పద్ధతి మరెన్నో ప్రాజెక్టులకు పాకింది.

తన లోపాల జాబితాని తానే బహిరంగంగా ఉంచే సంస్థలు మానవ చరిత్రలో ఎన్ని ఉన్నాయి? మతాలకి లేదు. రాజులకి లేదు. మన ప్రభుత్వ కార్యాలయాల సంగతి చెప్పనక్కర్లేదు.

ఇక ఢిల్లీకి వద్దాం. అక్కడ పదకొండేళ్ళ తేడాతో రెండు పెద్ద బగ్ రిపోర్టులు వచ్చాయి.

మొదటిది 2009లో. ఎలక్ట్రానిక్ ఓటింగు యంత్రాల మీద అనుమానాలు వ్యక్తం చేసినవారిని, వచ్చి నిరూపించమని ఎన్నికల సంఘం పిలిచింది. మన హైదరాబాదు ఇంజనీరు వేమూరు హరిప్రసాద్ బృందం సెప్టెంబరు 3న ఢిల్లీలోని నిర్వాచన్ సదన్‌కి వెళ్ళింది. ప్రదర్శన మధ్యలోనే ఆగిపోయింది. యంత్రం తయారీ సంస్థ మేధోసంపత్తి హక్కులకు భంగమన్నది అప్పుడు చెప్పిన కారణం. తరవాత ఒక అజ్ఞాత వ్యక్తి ద్వారా చేతికొచ్చిన యంత్రాన్ని ఆయన, అమెరికా ప్రొఫెసర్ అలెక్స్ హాల్డర్‌మన్, నెదర్లాండ్స్‌కి చెందిన రాప్ గోంగ్రైప్‌తో కలిసి పరిశీలించి, 2010 ఏప్రిల్‌లో లోపాలను ప్రకటించారు. అదే ఏడాది ఆగస్టు 21న హరిప్రసాద్ అరెస్టయ్యారు. కేసు యంత్రం దొంగతనం గురించి. వారం తరవాత బెయిలు మీద విడుదలయ్యారు. ఆ ఏడాదే అమెరికాలోని ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ ఆయనకి పయనీర్ అవార్డు ఇచ్చింది. ఒకే పనికి ఒకచోట కేసు, ఇంకోచోట బహుమానం.

హేతువాదులుగా మనం ఇక్కడ ఒక గీత గీసుకోవాలి. యంత్రంలో లోపం ఉందనడం వేరు, ఫలానా ఎన్నికలో మోసం జరిగిందనడం వేరు. మొదటిదానికి ప్రయోగం చాలు, రెండోదానికి వేరే సాక్ష్యం కావాలి. ఓడిన ప్రతి పార్టీ రెండోది అంటుంది, గెలిచాక మరిచిపోతుంది. ఆ గోలలో మొదటి ప్రశ్న మునిగిపోకూడదు. ఓటరు కంటితో చూసుకోగల కాగితపు చీటీ ఉండాలని 2013 అక్టోబరు 8న సుప్రీంకోర్టు చెప్పింది. 2024లో చీటీలన్నీ లెక్కించాలన్న కోరికను అదే కోర్టు తోసిపుచ్చింది. తీర్పులు ఎలా ఉన్నా, యంత్రంలోని ప్రోగ్రాము మాత్రం పౌరులు చదవడానికి తెరిచిలేదు.

రెండోది 2020లో. కరోనా రోజుల్లో ఏప్రిల్ 2న కేంద్ర ప్రభుత్వం ఆరోగ్య సేతు యాప్ విడుదల చేసింది. మే 1న కేంద్ర హోంశాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉద్యోగులందరికీ అది తప్పనిసరి అయింది. ఢిల్లీని ఆనుకుని ఉన్న నోయిడాలో అయితే, స్మార్టు ఫోనుండి అందులో ఈ యాప్ లేకపోతే 188 సెక్షను కింద శిక్షార్హమని పోలీసులు ఆదేశమిచ్చారు. అంటే లోపల ఏముందో చూపించని ఒక వస్తువుని జేబులో పెట్టుకోకపోతే నేరం. పైగా యాప్ మొదటి షరతుల్లో దాన్ని విప్పి పరిశీలించడం నిషిద్ధం.

మే 5న రాబర్ట్ బాప్టిస్ట్ అనే ఫ్రెంచి పరిశోధకుడు లోపం ఉందని ట్విట్టరులో ప్రకటించాడు. గంటలోపే అధికారులు అతనితో మాట్లాడారు. అతను చూపించింది ఇది: చుట్టుపక్కల ఎంతమందికి అస్వస్థతగా ఉందో చెప్పే సౌకర్యానికి తన స్థానం మార్చి చెప్పి, ఎక్కడో కూర్చుని ప్రధాని కార్యాలయం దగ్గరా, పార్లమెంటు దగ్గరా ఎంతమంది ఉన్నారో తెలుసుకోవచ్చు. యాప్ బృందం మర్నాడు జవాబిచ్చింది. అది మేము కావాలని పెట్టుకున్న పద్ధతే, ఎవరి వ్యక్తిగత సమాచారమూ ప్రమాదంలో పడినట్టు రుజువు కాలేదు అని. మన ఐటీ కుర్రాళ్ళు నవ్వుకుంటూ చెప్పే "బగ్గు కాదండీ, ఫీచరు" అన్నమాట. నిజానికి ఇద్దరి మాటలోనూ కొంత నిజముంది. కానీ ఎవరిది ఎంత నిజమో తేల్చుకోవడానికి చదివేందుకు కోడు లేదు. జనం తమ రాజకీయాన్నిబట్టి ఒక పక్షాన్ని నమ్మారు. పరీక్షకు వీల్లేనిచోట మిగిలేది నమ్మకమే.

మే 26న ప్రభుత్వం ఆండ్రాయిడ్ యాప్ కోడుని గిట్‌హబ్‌లో పెట్టింది. లోపాలు చూపినవారికి లక్ష రూపాయల దాకా బహుమానమని కూడా ప్రకటించింది. కోవూర్ లక్ష గుర్తొస్తే తప్పులేదు. 2010లో అరెస్టు చూసిన దేశంలో ఇది పెద్ద అడుగు, మెచ్చుకోవలసిందే.

అయితే తలుపు సగమే తెరుచుకుంది. సమాచారమంతా చేరే సర్వరు కోడు ఆ రోజు ఇవ్వలేదు, అది బయటికొచ్చింది నవంబరులో. గిట్‌హబ్‌లో ఉన్న కోడు ప్లే స్టోరులోని యాప్‌కి సరిపోవడం లేదని ప్రోగ్రామర్లు ఎత్తిచూపారు. అక్టోబరులో ఇంకో విచిత్రం. యాప్ ఎవరు, ఎలా తయారుచేశారన్న సమాచార హక్కు దరఖాస్తుకి నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటరు తన దగ్గర ఆ వివరాలు లేవంది. దాన్ని తయారుచేసింది ఆ సంస్థేనని అప్పట్లో యాప్ వెబ్‌సైటులోనే ఉండేది. కేంద్ర సమాచార కమిషన్ మండిపడి నోటీసులిచ్చింది. 2023లో ప్రభుత్వం, రోగుల సంపర్కాలను గుర్తించే పని ఆపేశామనీ ఆ డేటా తుడిచేశామనీ పార్లమెంటుకి చెప్పింది. తుడిచేసే ఉండవచ్చు. కానీ ఫోనులోని కోడు ఎంత చదివినా ఆ మాట పరీక్షించలేం.

ఇక్కడ ఓపెన్ సోర్సు అభిమానులకీ ఒక మాట. తగినన్ని కళ్ళు చూస్తే ఏ బగ్గూ దాగదు అనే సామెత వాళ్ళలో ఉంది. ఓపెన్ఎస్ఎస్ఎల్‌లోని హార్ట్‌బ్లీడ్ లోపం 2012లో విడుదలైన కోడులో అందరి కళ్ళముందే ఉండి, 2014 ఏప్రిల్ దాకా బయటపడలేదు. తెరిచిపెట్టడం ఒక్కటే చాలదు, ఎవరో ఒకరు కూర్చుని చదవాలి. మరో అభ్యంతరం కూడా న్యాయమైనదే: ప్రమాదకరమైన లోపాన్ని వెంటనే చాటితే దొంగలకి దారి చూపినట్టవుతుంది. అందుకే అలాంటివి ముందు రహస్యంగా చెప్పి, సరిచేశాక ప్రకటించే ఆనవాయితీ ఉంది. రహస్యానికి గడువుంటే అది జాగ్రత్త. గడువు లేకపోతే అది దాపరికం.

నా వాదన సారాంశం ఇది. ఒక వ్యవస్థ శాస్త్రీయమైనదా కాదా అన్నది అది ఎంత కొత్త సాంకేతికత వాడిందన్నదాన్నిబట్టి తేలదు. తప్పు చూపినవాడికి ఒక నంబరు, ఒక జవాబు, చెరగని ఒక నమోదు దొరుకుతాయా అన్నదాన్నిబట్టి తేలుతుంది. రాజ్యాంగంలోని 51ఎ(హెచ్) అధికరణం శాస్త్రీయ దృక్పథాన్నీ జిజ్ఞాసనీ పెంపొందించడం పౌరుడి విధి అంటోంది. విధి పౌరుడిదైతే, ప్రశ్నను నమోదు చేసుకోవలసిన పుస్తకం ప్రభుత్వం తెరవాలి.

ఆ పుస్తకం మనమూ తెరవాలి. రెక్కల పురుగు కథ సైన్సు ప్రచారకుల ఉపన్యాసాల్లో కూడా దశాబ్దాలుగా తప్పుగానే తిరుగుతోంది. హేతువాద సభల్లో, కరపత్రాల్లో చెప్పే మాటలో తప్పు దొరికితే అది ఎక్కడ నమోదవుతోంది? బాబాలను అడిగే ప్రశ్న మన సంఘాలను ఎవరైనా అడిగితే, వాళ్ళకివ్వడానికి మన దగ్గరా ఒక నంబరు ఉండాలి.