మౌంటెన్ బైకు కొలత

మౌంటెన్ బైకు కొలత అనగా కొండదారులలోను, రాళ్ళు గుంతలు గల మట్టిబాటలలోను తొక్కటానికి తయారైన సైకిలును, తొక్కేవారి శరీర ప్రమాణాలకు సరిపడేటట్లు ఎంచుకొని అమర్చుకొనే విధానం. రంగారెడ్డి జిల్లాలోని శంషాబాదు, హిమాయత్ సాగర్ పరిసరాలలో నున్నని తారురోడ్డు, గులకరాళ్ళ బాట దగ్గరదగ్గరగా ఉండటం వలన ఈ కొలత అవసరం అక్కడ తేలికగా తెలుస్తుంది.

అంగుళాల తికమక

సైకిలు దుకాణంలో "26 సైకిలు", "29 సైకిలు" అని చెప్పేది చక్రం కొలత మాత్రమే. అది మనిషి ఎత్తుకు సంబంధించిన కొలత కాదు. మనిషికి సరిపోవలసినది ఫ్రేము. పెడళ్ళ ఇరుసు నుండి సీటు కింది గొట్టం పైచివర వరకు గల పొడవును ఫ్రేము కొలతగా చెప్పటం పాత పద్ధతి. 15, 17, 19 అంగుళాలు అనేవి ఇలా వచ్చినవే. ఇంట్లో ఉన్న 22 లేదా 24 అంగుళాల ఫ్రేము గల పాత పాలసైకిలుతో వీటిని పోల్చకూడదు. మౌంటెన్ బైకులో పై గొట్టం వెనుకకు వాలి ఉంటుంది కనుక అదే మనిషికి అంగుళాల సంఖ్య బాగా తగ్గుతుంది.

1970లలో అమెరికాలోని కాలిఫోర్నియాలో, మారిన్ కౌంటీ కొండలపై పాత సైకిళ్ళతో దిగువకు దూసుకుపోయిన యువకుల ఆటలో నుండి ఈ సైకిలు పుట్టింది. 1977లో జో బ్రీజ్ ఇందుకోసం ప్రత్యేకంగా ఫ్రేములు తయారు చేశాడు. అప్పటి సైకిళ్ళలో ఫ్రేము పొట్టిగాను, హ్యాండిల్‌ను పట్టి ఉంచే స్టెమ్ పొడవుగాను ఉండేవి. తరువాత ఇది తారుమారై ఫ్రేము పొడవైంది, స్టెమ్ పొట్టిదైంది, హ్యాండిల్ వెడల్పైంది. అందుచేత సీటు గొట్టం పొడవు ఒక్కటే చూసి సైకిలు కొనటం ఇప్పుడు మోసపోవటమే. పెడళ్ళ ఇరుసు నుండి ముందరి గొట్టం పైభాగం వరకు గల అడ్డదూరాన్ని "రీచ్" అని, నిలువు ఎత్తును "స్టాక్" అని అంటారు. రెండు కంపెనీల "మీడియం" ఒకటి కాకపోవచ్చు గాని, ఈ రెండు సంఖ్యలను పోల్చవచ్చు.

కొలుచుకొను విధానం

చెప్పులు లేకుండా గోడకు ఆనుకొని నిలబడి, కాళ్ళ మధ్య ఒక అట్టపుస్తకాన్ని సీటు వలె గట్టిగా పైకి అదిమి, దాని పై అంచు నుండి నేల వరకు కొలవాలి. ఇది కాలి లోపలి కొలత. ఒకే ఎత్తు గల ఇద్దరిలో ఇది తేడాగా ఉండవచ్చు. సైకిలును కాళ్ళ మధ్య ఉంచుకొని నిలబడినపుడు పై గొట్టానికి, శరీరానికి మధ్య కనీసం 5 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. రాతిబాటలో హఠాత్తుగా కాలు దించవలసి వస్తుంది, దించినచోట గుంత ఉండవచ్చు. ఖాళీ లేని సైకిలు గాయం చేస్తుంది. "పెరిగే పిల్లవాడు కదా" అని ఒక సైజు పెద్దది కొనే తల్లిదండ్రులు గమనించవలసినది ఇదే.

సీటు ఎత్తుకు ఒక ప్రసిద్ధ సూత్రం ఉంది. కాలి లోపలి కొలతను 0.883తో గుణిస్తే పెడళ్ళ ఇరుసు నుండి సీటు పైభాగానికి ఉండవలసిన దూరం వస్తుంది. 77 సెంటీమీటర్లకు ఇది 68 సెంటీమీటర్లు. పందెగాడు గ్రెగ్ లెమాండ్ వలన ప్రచారం పొందిన ఈ సూత్రం రోడ్డు సైకిలు కోసం చెప్పినది కనుక దీనిని ఆరంభంగానే తీసుకోవాలి. సూత్రం లేకుండానూ చూడవచ్చు. సీటుపై కూర్చొని, పెడలు అట్టడుగున ఉన్నపుడు మడమ ఆనిస్తే కాలు నిటారుగా ఉండాలి. పాదం ముందుభాగం ఆనిస్తే మోకాలు కొద్దిగా వంగాలి. సీటు మరీ కిందికి ఉంటే మోకాలి ముందుభాగం, మరీ పైకి ఉంటే వెనుకభాగం నొప్పి పెట్టే అవకాశం ఎక్కువ. చేతులు తిమ్మిరెక్కి మెడ పట్టేస్తుంటే, తరచుగా హ్యాండిల్ దూరమైనదని అర్థం.

శంషాబాదు పరిసరాలలో

నానక్‌రాంగూడ నుండి పోలీసు అకాడమీ వరకు, నార్సింగి నుండి కొల్లూరు వరకు మొత్తం 23 కిలోమీటర్ల సౌరఫలకాల పైకప్పు గల సైకిలు మార్గం 2023 అక్టోబరు 1న ప్రారంభమైంది. అటువంటి నున్నని దారిలో సీటును పూర్తి ఎత్తులో ఉంచటమే మేలు. 1927లో ఈసీ నదిపై పూర్తయిన హిమాయత్ సాగర్ చుట్టుపక్కల మట్టిబాటలలో పల్లానికి దిగేటపుడు మాత్రం సీటును కొన్ని సెంటీమీటర్లు దించితే, శరీరం వెనుకకు జరపటానికి చోటు దొరుకుతుంది. తొక్కుతూనే మీటతో సీటు దించగల గొట్టాలను "డ్రాపర్ పోస్ట్" అంటారు. అవి లేనివారు ఆగి, బిగింపు వదులు చేసి దించుకోవాలి.

2008 మార్చిలో ప్రారంభమైన శంషాబాదు విమానాశ్రయం నుండి హిమాలయ దారులలో తొక్కటానికి సైకిలును పెట్టెలో తీసుకువెళ్ళేవారు ఉన్నారు. పెట్టెలో సర్దటానికి సీటు గొట్టం తీసి, పెడళ్ళు విప్పి, హ్యాండిల్ తిప్పవలసి ఉంటుంది. విప్పకముందే సీటు గొట్టంపై టేపు చుట్టి ఎత్తు గుర్తు పెట్టుకోవాలి, సీటు వాలు ఫోటో తీసుకోవాలి. పెడళ్ళలో ఎడమదానికి మర వ్యతిరేక దిశలో ఉంటుంది. దిగిన ఊరిలో తిరిగి బిగించేటపుడు ఫోర్కు వెనుకకు తిరిగి ఉండిపోలేదని చూసుకోవాలి. అలా ఉంటే చక్రం పెడలు వైపు జరిగి, ఎంత సరైన ఫ్రేమైనా పొట్టిదైపోయినట్లు ఉంటుంది.