సీసం మీద లంకలు

తిరుపతి ఎండలకు ఇన్వర్టర్ బ్యాటరీ మూడేళ్లకే మూలపడితే మెకానిక్ చెప్పే మాట ఒకటే: "ప్లేట్లకు సల్ఫేట్ పట్టేసింది." విప్పి చూస్తే పలక మీద గరుకు గరుకుగా తెల్లటి పెచ్చు. కరకంబాడిలో అమరరాజా కర్మాగారం వచ్చాక సీసం బ్యాటరీ మా వైపు సరుకే అయింది కాబట్టి, ఆ పెచ్చును కాస్త దగ్గరగా చూడాలి.

అది ఎలా కడుతుందో తెలియాలంటే అంటుకోవడం దగ్గర మొదలుపెట్టాలి. లోహం వంటి ఘనపదార్థపు ఉపరితలానికి అణువులు అంటుకోవడమే అధిశోషణం. రసాయన శాస్త్రవేత్త లాంగ్‌మ్యూర్ 1918లో వేసిన లెక్కలో అంటుకున్న అణువులకు ఒకదానితో ఒకదానికి పొత్తు లేదు. నిజానికి ఆకర్షణ ఉంటే అవి గుంపుకట్టి లంకలవుతాయి. రాగి మీద ఆక్సిజన్ చారలు చారలుగా సర్దుకోవడాన్ని 1991లో శాస్త్రవేత్త కెర్న్ బృందం చూపింది. కానీ అది అతిశూన్యంలో, శుభ్రమైన స్ఫటికం మీద. ఆమ్లంలో మునిగిన సీసానికి ఆ బొమ్మను యథాతథంగా అతికించలేం. ఇక్కడ డిశ్చార్జ్ అవుతున్నప్పుడు సీసం అయాన్లుగా కరుగుతుంది, పలక పక్కనే లెడ్ సల్ఫేట్ గింజకడుతుంది. గింజలు పెరిగి లంకలై, లంకలన్నీ కలిసిపోతే కరెంటు పారని పొర మిగులుతుంది.

దీనికి విరుగుడు అనుకోకుండా దొరికింది. పాత బ్యాటరీల్లో పలకల మధ్య చెక్క రేకులుండేవి. వాటి బదులు రబ్బరు పెడితే నెగెటివ్ పలకల సామర్థ్యం పడిపోయింది. అన్నాళ్లూ కాపాడింది చెక్కలోంచి ఊరిన లిగ్నిన్ అని అలా తెలిసింది! ఇప్పుడు కాగితపు గుజ్జు తయారీలో మిగిలే లిగ్నోసల్ఫోనేట్‌ను సీసపు ముద్దలో సుమారు 0.2 నుంచి 0.3 శాతం కలుపుతారు, పులుసులో ఇంగువలాగా. అది ఉంటే సల్ఫేట్ గట్టి పొరగా కాక గుల్లగా పెరుగుతుంది. ఇంతవరకు ఆధారాలు గట్టివే. అయితే అది ముందు సీసానికే అంటుకుంటుందా, సల్ఫేట్ గింజలకా అన్నది ఇంకా తేలని వాదం.

వేడికి లిగ్నోసల్ఫోనేట్ క్షీణిస్తుంది. అలాగని మన ఎండల నెపమంతా దాని మీదే వేయడం తొందరపాటు. అదే వేడికి పాజిటివ్ పలకల జాలీ కూడా తుప్పుపడుతుంది.

పెచ్చు విషయంలో మాత్రం సందేహం లేదు. ఛార్జి లేకుండా వదిలేస్తే చిన్న గింజలు కరిగి పెద్దవాటిలో కలుస్తాయి, పెద్దవి మళ్లీ సీసంగా మారడానికి మొరాయిస్తాయి. ఊరికి వెళ్లేముందు బ్యాటరీని నిండా ఛార్జి చేసి వెళ్లండి.