సర్ట్‌సే: శాస్త్రవేత్తల కళ్లముందే పుట్టిన ద్వీపం

ఐస్‌లాండ్ దక్షిణ తీరానికి సుమారు 32 కిలోమీటర్ల దూరంలో, వెస్ట్‌మన్ దీవుల వరుసకు దక్షిణపు కొసన ఉన్న అగ్నిపర్వత ద్వీపం సర్ట్‌సే. 1963 నవంబరుకు ముందు అక్కడ 130 మీటర్ల లోతు నీళ్లు తప్ప మరేమీ లేవు. ఇప్పుడక్కడ కొండ ఉంది, గడ్డినేల ఉంది, పక్షులు గూళ్లు కట్టుకుంటున్నాయి, సీళ్లు పిల్లల్ని కంటున్నాయి. బొత్తిగా జీవం లేని రాతినేల మీదికి ప్రాణం ఎలా చేరుతుంది, ఏది ముందు వస్తుంది, ఏది నిలదొక్కుకుంటుంది అన్న ప్రశ్నలకు మొదటి ఏడాది నుంచీ తెగకుండా లెక్క రాసిపెట్టిన చోట్లు ప్రపంచంలో చాలా అరుదు. అలాంటి వాటిలో సర్ట్‌సేది ముందు వరుస. యునెస్కో 2008లో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిందీ అందుకే.

ఈ ద్వీపం విలువ తెలియాలంటే అది పుట్టడానికి ఎనభై ఏళ్లు వెనక్కి, ఇండోనేషియాలోని క్రాకటోవాకు వెళ్లాలి. 1883 ఆగస్టులో ఆ అగ్నిపర్వతం బద్దలై ద్వీపంలో అధిక భాగం సముద్రంలో కలిసిపోయింది. మిగిలిన ముక్కను వేడి బూడిద మందంగా కప్పేసింది. 1884 మే నెలలో అక్కడికి వెళ్లిన ఫ్రెంచి బృందం ఎంత వెతికినా కనిపించింది ఒకే ఒక్క బుల్లి సాలీడు, అదీ గూడు అల్లుకుంటూ. 1886లో డచ్చి వృక్షశాస్త్రవేత్త మెల్కియోర్ ట్రూబ్ వెళ్లేసరికి ఫెర్న్ మొక్కలు, బూడిద మీద నీలి ఆకుపచ్చ నాచు పొర కనిపించాయి. అక్కడి జీవమంతా కొత్తగా వచ్చి చేరిందేనని పుస్తకాలు రాసుకున్నాయి. అయితే 1929లో కార్నెలిస్ బాకర్ అనే వృక్షశాస్త్రవేత్త గట్టి అభ్యంతరం లేవనెత్తాడు. పేలుడు తరవాత ద్వీపమంతా జల్లెడ పట్టి చూసినవారెవరూ లేరు, బూడిద కింద విత్తనమో వేరో బతికి ఉండలేదని రుజువేమిటి అని అడిగాడు. ఆ ప్రశ్నకు తిరుగులేని జవాబు క్రాకటోవాలో దొరకదు. సముద్రగర్భం నుంచి కొత్తగా లేచిన నేల విషయంలో ఆ ప్రశ్నే పుట్టదు.

1963 నవంబరు 14 తెల్లవారుజామున వెస్ట్‌మన్ దీవుల దగ్గర వెళ్తున్న ఒక చేపల పడవలోని వంటమనిషి దూరాన నల్లటి పొగ చూశాడు. ఏదో ఓడ తగలబడుతోందనుకుని దగ్గరికి వెళ్తే, నీళ్లలోంచి బూడిద స్తంభాలు లేస్తున్నాయి. మర్నాటికల్లా నీటిపైన నేల తేలింది. నార్స్ పురాణాల్లోని అగ్ని రాక్షసుడు సుర్ట్ పేరు మీద దానికి సర్ట్‌సే అని పేరు పెట్టారు. డిసెంబరులో ముగ్గురు ఫ్రెంచి పత్రికావాళ్లు అందరికన్నా ముందు దాని మీద అడుగుపెట్టి, పేలుళ్లు ఉధృతం కావడంతో కాసేపట్లోనే తిరుగుముఖం పట్టారు.

ఐస్‌లాండ్ భూగర్భ శాస్త్రవేత్త సిగుర్దుర్ థోరారిన్‌సన్ ఈ విస్ఫోటాన్ని మొదటి రోజుల నుంచే దగ్గరగా గమనించాడు. కరిగిన శిల చల్లటి సముద్రపు నీటిని తాకగానే నీరు ఒక్కసారిగా ఆవిరై పేలుతుంది, శిల తునాతునకలై బూడిదగా ఎగిరిపడుతుంది. లోతు తక్కువ నీళ్లలో జరిగే ఈ రకం విస్ఫోటాన్ని అగ్నిపర్వత శాస్త్రంలో ఇప్పుడు సర్ట్‌సేయన్ విస్ఫోటం అనే పిలుస్తారు. వదులు బూడిదతో కట్టిన దిబ్బ అట్లాంటిక్ అలల ముందు ఎంతో కాలం ఆగదు. పక్కనే పుట్టిన సిర్ట్‌లింగుర్, యోల్‌నిర్ అనే చిన్న దీవులు కొన్ని నెలలకే కొట్టుకుపోయాయి. సర్ట్‌సేను కాపాడింది 1964 ఏప్రిల్ 4న మొదలైన లావా ప్రవాహం. అప్పటికి దిబ్బ బాగా పెరిగి, సముద్రపు నీరు అగ్నిబిలంలోకి చొరబడే దారి మూసుకుపోయింది. దాంతో పేలుళ్లు ఆగి లావా నెమ్మదిగా పారింది, గట్టిపడి బూడిదకు కవచమైంది. 1967 జూన్ 5న విస్ఫోటం పూర్తిగా ముగిసేనాటికి ద్వీపం వైశాల్యం దాదాపు 2.7 చదరపు కిలోమీటర్లు.

అసలు దూరదృష్టి కనిపించేది ఇక్కడే. అగ్నిపర్వతం ఇంకా మండుతుండగానే, 1965లో, ఐస్‌లాండ్ దీన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. సర్ట్‌సే పరిశోధన సంఘం ఏర్పడిందీ అదే ఏడాది. తరవాతి కాలంలో దేశ ప్రధాని అయిన స్టెయిన్‌గ్రిమూర్ హెర్మన్‌సన్ దానికి చాలాకాలం అధ్యక్షుడిగా ఉన్నాడు. పరిశోధకులు తప్ప ఇతరులెవరూ ఒడ్డున దిగకూడదు. దిగేవాళ్లు కూడా బట్టలకు, బూట్లకు విత్తనాలు అంటుకోలేదని సరిచూసుకోవాలి. చెత్త ఏదీ అక్కడ వదలకూడదు. ఇది చాదస్తం కాదు. ఒకసారి లావా రాళ్ల మధ్య టమాటా మొక్క మొలిచింది. ఆరా తీస్తే, ఎవరో కాలకృత్యాలు తీర్చుకున్న చోట మొలిచిందని తేలింది. వెంటనే పెరికేశారు. పొరుగు దీవి కుర్రాళ్లు పడవ వేసుకొచ్చి నాటిన బంగాళాదుంపలను కూడా తవ్వి తీసేశారు. మనిషి మోసుకొచ్చిన మొక్క ఒక్కటి చేరినా, ప్రకృతి తనంతట తాను చేసిందేమిటో చెప్పడం కష్టమవుతుంది. ఏమీ చేయకుండా చూస్తూ ఉండటమే ఇక్కడి పరిశోధన పద్ధతి. దాన్ని అరవై ఏళ్లకు పైగా పాటించడం, ఖరీదైన పరికరాలు కొనడం కన్నా కష్టమైన పని.

జీవశాస్త్రవేత్త స్టుర్లా ఫ్రిద్రిక్‌సన్ ద్వీపానికి చేరిన జీవుల జాబితాను మొదటి ఎంట్రీ నుంచీ రాసినవారిలో ముఖ్యుడు. 1964లోనే గాలికి కొట్టుకొచ్చిన ఈగ ఒకటి దొరికింది. 1965లో ఒడ్డు ఇసుకలో మొదటి మొక్క మొలిచింది. అది ఆవాల కుటుంబానికి చెందిన సముద్రతీరపు జాతి. దాని కాయలు ఉప్పునీటిలో తేలుతూ ప్రయాణించగలవు. ఆ తొలి మొలకలేవీ నిలవలేదు. 1967లో నాచుమొక్కలు కనిపించాయి. ఆ ఏడాదే వచ్చిన సీ శాండ్‌వర్ట్ అనే దట్టమైన ఆకుల మొక్క మాత్రం ఇసుకలో వేళ్లూనుకుని, తరవాత ద్వీపమంతటా పరుచుకుంది. 1970లో ఫుల్మార్, నల్ల గిల్లెమోట్ పక్షులు గూళ్లు పెట్టాయి.

ఇంతవరకూ కథ పాఠ్యపుస్తకాలు చెప్పినట్టే నడిచింది. ఆ తరవాత ఆగిపోయినట్టయింది. మొదటి ఇరవై ఏళ్లలో 20 జాతుల మొక్కలు కనిపిస్తే, అందులో నిలదొక్కుకున్నవి పదే. విత్తనాలు రాకపోవడం ఒక్కటే దీనికి కారణం కాదు. వచ్చినవాటికి తిండి లేదు. లావా ముక్కల్లో, ఇసుకలో నత్రజని దాదాపు లేదు.

పరిస్థితిని మార్చింది సీగల్ పక్షులు. 1980ల నడిమిలో అవి ద్వీపం దక్షిణ భాగాన గుంపుగా స్థిరపడ్డాయి. చేపలు తిని అవి వేసే రెట్టతో నేలకు ఎరువు పడింది, సముద్రపు సారం రాతిమీదికి చేరింది. కొన్నేళ్లలోనే ఆ మేర పచ్చగడ్డి నేలగా మారి, చుట్టూ ఉన్న నల్లటి లావా మధ్య ఉపగ్రహ చిత్రాల్లో సైతం స్పష్టంగా కనిపించసాగింది. మొక్కల వెంట పురుగులు, వాటి వెంట పురుగుల్ని తినే పక్షులు వచ్చాయి. 1993లో మట్టి నమూనాలో ఒక వానపాము దొరికింది. పక్కదీవి నుంచి ఏదో పక్షి మోసుకొచ్చి ఉండాలి. 1998లో విల్లో జాతికి చెందిన తొలి పొద, 2004లో పఫిన్ పక్షుల తొలి గూడు కనిపించాయి. ఉత్తరపు ఇసుక నాలుక మీద 1983 నుంచి పిల్లల్ని పెడుతున్న బూడిదరంగు సీళ్లు కూడా తమ వంతు ఎరువు చేరుస్తున్నాయి. 2004 నాటికి 60 జాతుల మొక్కలు, 335 జాతుల వెన్నెముక లేని జీవులు, 89 జాతుల పక్షులు నమోదయ్యాయి.

పక్షులు ఎరువు మాత్రమే తెచ్చాయా, విత్తనాలు కూడా తెచ్చాయా? డార్విన్ కాలం నుంచీ శాస్త్రవేత్తలు విత్తనం రూపం చూసి దాని ప్రయాణ మార్గం ఊహించేవారు. దూదిపింజె ఉంటే గాలి, తేలే కాయైతే సముద్రం, కండగల పండైతే పక్షి కడుపు. 2025లో వెలువడిన అధ్యయనం సర్ట్‌సే జాబితాతో ఈ నమ్మకాన్ని పరీక్షించింది. 1965 నుంచి ద్వీపం చేరిన 78 జాతుల మొక్కల్లో ఎక్కువ వాటికి దూరప్రయాణానికి పనికొస్తాయనుకునే ఆ లక్షణాలేవీ లేవు. సీగల్‌లు, పెద్దబాతులు, తీరపక్షులు తిన్నప్పుడు కడుపులో పడి రెట్టతోనో, వాంతితోనో బయటపడిన మామూలు విత్తనాలే ఎక్కువ. విత్తనాల ప్రయాణం గురించిన పాఠ్యపుస్తకాల వర్గీకరణను ఇది గట్టిగా కుదిపింది. ఏటేటా ఓపిగ్గా రాసిన జాబితా లేకపోతే ఈ ప్రశ్న వేయడమే కుదిరేది కాదు.

భూగర్భ పరిశోధన దీనికి సమాంతరంగా సాగింది. వదులు బూడిద గట్టి రాయిగా మారడానికి చాలా కాలం పడుతుందని అనుకునేవారు. స్వెయిన్ యాకోబ్‌సన్ పరిశీలనల్లో తేలిందేమిటంటే, లోపలి వేడి, ఆవిరి కలిసి సర్ట్‌సే బూడిదను కొద్ది సంవత్సరాల్లోనే టఫ్ అనే రాయిగా మార్చేశాయి. ఇది ఎలా జరుగుతుందో తెలుసుకోవడానికి 1979లో 181 మీటర్ల లోతు బోరు వేశారు. లోపల వేడి 140 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంది. 2017లో అంతర్జాతీయ బృందం మళ్లీ వచ్చి దాని పక్కనే కొత్త బోర్లు దింపింది. విస్ఫోటం ఆగి యాభై ఏళ్లయినా ద్వీపం కడుపు ఇంకా వేడిగానే ఉంది. ఆ రాతి కడ్డీల్లో సూక్ష్మజీవుల జాడల్ని, ఖనిజాలు రూపుదిద్దుకునే క్రమాన్ని పరిశీలిస్తున్నారు. పురాతన రోమన్లు సముద్రంలో కట్టిన రేవుల కాంక్రీటుకు రెండువేల ఏళ్ల గట్టిదనం ఇచ్చిన టోబర్‌మోరైట్ ఖనిజం సర్ట్‌సే టఫ్‌లోనూ దొరికింది. దాంతో ఈ మారుమూల దీవి మీద కట్టడ నిర్మాణ పరిశోధకుల కన్నూ పడింది.

అలలు మాత్రం తమ పని మానలేదు. 2007 నాటికే ద్వీపం సుమారు 1.4 చదరపు కిలోమీటర్లకు తగ్గింది. అంచుల్లోని లావా విరిగిపడుతోంది, వదులు ఇసుక కొట్టుకుపోతోంది, గట్టిపడిన టఫ్ నడిగుట్ట నిలుస్తోంది. వెస్ట్‌మన్ వరుసలోని పాత చిన్న దీవులు ఇదే దారిలో నడిచి, నిటారు కొండచరియలు, పైన కొద్ది జాతుల గడ్డి, దాని నిండా పఫిన్ బొరియలుగా మిగిలాయి. నేల తగ్గేకొద్దీ సర్ట్‌సేలోనూ మొక్కల జాతులు ఒక స్థాయి దాటాక తగ్గుముఖం పడతాయని ఐస్‌లాండ్ పర్యావరణ శాస్త్రవేత్తల అంచనా. దాన్ని సరిచూడటానికి 1990ల్లో హద్దులు గుర్తుపెట్టిన నేల ముక్కల్లోనే వేసవి సర్వేల్లో మొక్కల్ని మళ్లీ మళ్లీ లెక్కిస్తున్నారు.