సేంద్రియ ఆహారం: రామగుండం ప్రాంతంలో కొనుగోలు

సేంద్రియ ఆహారం అంటే రసాయన ఎరువులు, కృత్రిమ పురుగుమందులు, జన్యుమార్పిడి విత్తనాలు లేకుండా పండించినది. ఆ పేరు పంట ఎలా పండిందో చెబుతుందే తప్ప, అందులో ఏముందో కొలిచి చెప్పదు. రామగుండం, గోదావరిఖనిలో కొనేవారు మొదట చూసుకోవాల్సింది ఈ తేడానే.

ఇక్కడ ఒకపక్క సింగరేణి గనులు, ఇంకోపక్క 2,600 మెగావాట్ల ఎన్‌టీపీసీ విద్యుత్ కేంద్రం. 2021లో ఉత్పత్తి మొదలుపెట్టిన ఆర్‌ఎఫ్‌సీఎల్ కర్మాగారం సామర్థ్యం ఏటా 12.7 లక్షల టన్నుల యూరియా. యూరియా తయారయ్యే ఊళ్లోనే యూరియా వేయని కూర కోసం వెతకడం కాస్త చిత్రమే. అయితే పాలకూర మడతల్లో చేరే బొగ్గు దుమ్ముకు సేంద్రియ తోట, మామూలు తోట అన్న భేదం లేదు. ఏ కూరైనా కట్ట విప్పి, పారే నీళ్లలో ఆకు ఆకూ రుద్ది కడగాల్సిందే. దుమ్ముతోపాటు పైన పడ్డ మందూ కొంత పోతుంది. మొక్క లోపలికి పీల్చుకున్నది మాత్రం పోదు. మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు అలాంటిదే. కూరగాయల మీద దాని వాడకాన్ని కేంద్రం 2005లోనే నిషేధించింది.

పోషకాల కోసమైతే ఎక్కువ ధర పెట్టనక్కర్లేదు. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2012లో వందలాది అధ్యయనాలను పరిశీలించి, సేంద్రియ ఆహారంలో పోషకాలు ఎక్కువనేందుకు గట్టి ఆధారం లేదన్నారు. మందుల అవశేషాలు కనిపించే అవకాశం మాత్రం తక్కువని తేల్చారు. కాబట్టి తొక్క తీయకుండా తినేవాటికి, కోతదాకా మందు కొట్టేవాటికి డబ్బు పెట్టడం మేలు: ఆకుకూరలు, పచ్చిమిర్చి, బెండకాయ, కరివేపాకు. మన దేశం నుంచి వెళ్లే బెండకాయ, కరివేపాకులను యూరోపియన్ యూనియన్ మందుల అవశేషాల కోసం ప్రత్యేకంగా తనిఖీ చేసింది. ఉల్లిగడ్డ, కొబ్బరికాయ, అరటిపండు మామూలువి కొన్నా పెద్దగా నష్టం లేదు.

సేంద్రియ ఆహార ప్యాకెట్ మీద ‘జైవిక్ భారత్’ ముద్ర ఉండాలని 2017 నాటి ఆహార భద్రత నిబంధనలు చెబుతాయి. దాని వెనుక 2001లో వచ్చిన జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం (ఎన్‌పీఓపీ) ధ్రువీకరణ గాని, రైతులే ఒకరి పొలాన్ని ఒకరు తనిఖీ చేసుకునే పీజీఎస్ పద్ధతి గాని ఉంటుంది. చిన్న రైతు తన పంటను నేరుగా తినేవాళ్లకు అమ్మితే ధ్రువీకరణ నుంచి మినహాయింపు ఉంది. అందుకే అంగడిలో ముద్ర లేనంత మాత్రాన మోసం అనుకోనక్కర్లేదు. అలాగని ఆకుకు పురుగు చిల్లులు ఉండటమూ రుజువు కాదు. పొలం ఏ ఊళ్లో ఉంది, పురుగు పడితే ఏం కొట్టారు, రసాయనాలు మానేసి ఎన్నేళ్లయింది అని అడగాలి. ఎన్‌పీఓపీ లెక్కలో ఏడాది పంటలకు మారే గడువు సాధారణంగా రెండేళ్లు.

‘మందు కొట్టలేదు’ అన్నంత మాత్రాన సేంద్రియం కాదు. మరో బొగ్గు ప్రాంతమైన కొత్తగూడెం వైపు పునుకుల గ్రామం 2003లో పురుగుమందులు మానేసినట్టు ప్రకటించుకుంది. జనగామ జిల్లా ఏనబావి ఇంకో అడుగు ముందుకేసి, రసాయన ఎరువులు కూడా వదిలి, 2006లో సేంద్రియ గ్రామమైంది. కూరగాయల్లో అవశేషాలే మీ భయమైతే పునుకుల తరహా పంట చాలు. దానికి సేంద్రియ ధర అడిగితే బేరమాడొచ్చు.