ఇల్లు, మిషను, కాగితం: మెటియాబ్రుజ్ చుట్టుపక్కల ఇళ్ల కొనుగోలుపై ఒక పరిశీలన

2003 ఏప్రిల్‌కు ముందు వాల్తేరు డివిజన్‌లో పనిచేసిన రైల్వే ఉద్యోగులకు కలకత్తాలోని గార్డెన్ రీచ్ అంటే హెడ్డాఫీసు. ప్రమోషన్ ఫైలు కదలాలన్నా, ట్రాన్స్‌ఫర్ ఆగాలన్నా అక్కడే. ఈస్ట్ కోస్ట్ రైల్వే ఏర్పడి వాల్తేరు భువనేశ్వర్ కిందికి వెళ్లేదాకా ఇదే వరస. ఆఫీసు పని మీద కలకత్తా వెళ్లొచ్చిన విశాఖవాళ్లు బీఎన్‌ఆర్ రైల్వే కాలనీ చెట్లనూ, హుగ్లీ గట్టునూ చూసే ఉంటారు. ఆ కాలనీ ప్రహరీ దాటి, కుట్టుమిషన్ల చప్పుడు తప్ప మరొకటి వినిపించని మెటియాబ్రుజ్ సందుల్లోకి వెళ్లినవాళ్లు తక్కువ. ఈ వ్యాసానికి ఆ సందులే ముఖ్యం.

పక్కపక్కనున్న పేటల్లో ఇల్లు ఎక్కడ కొంటే మేలు? ఈ ప్రశ్నకు ఇళ్ల మార్కెట్ మీద వచ్చే రచనలు సాధారణంగా ఒక వరస కట్టి జవాబు చెబుతాయి: రోడ్డు, మెట్రో, బడి, ఆసుపత్రి, నీళ్లు, ఒక్కోదానికి ఇన్ని మార్కులు. కోల్‌కతా నైరుతి కొసన మెటియాబ్రుజ్, ఖిదిర్‌పూర్, బెహాలా, మహేశ్‌తలా ఆనుకుని ఉన్నాయి. ఈ నాలుగింటికీ అలాంటి వరస ఒక్కటి కట్టడం కుదరదన్నది నా వాదన. కొనే ఇల్లు కాపురానికి మాత్రమేనా, లేక ఆ ఇల్లే సంపాదించి పెట్టాలా అన్నదాన్ని బట్టి వరస తలకిందులవుతుంది. ఇంకో మాట కూడా ఉంది. ఇక్కడ పనికి దగ్గరైన ఇల్లు చాలావరకు చట్టబద్ధమైన కాగితానికి దూరంగా ఉంటుంది. కొనేవాడు తేల్చుకోవాల్సింది అసలు ఈ రెంటి మధ్యనే.

ముందు పేట పుట్టుక. పద్దెనిమిదో శతాబ్దపు చివరికి గార్డెన్ రీచ్ నది గట్టంతా కంపెనీ దొరల తోట బంగళాలు. కలకత్తాలో అంతకు మించిన చిరునామా లేని రోజులవి. 1856 ఫిబ్రవరిలో అవధ్‌ను కంపెనీ కలిపేసుకున్నాక, ఆఖరి నవాబు వాజిద్ అలీ షా అదే ఏడాది మే నెలలో కలకత్తా చేరాడు. 1857 తిరుగుబాటు కాలంలో ఆయనను ఫోర్ట్ విలియంలో బంధించి, 1859లో వదిలారు. ఆ తరవాత 1887లో పోయేవరకు మెటియాబ్రుజ్‌లోనే ఉన్నాడు. నెలకు లక్ష రూపాయల పింఛను. ఆ డబ్బుతో, అది చాలక చేసిన అప్పులతో బంగళాలు, ఇమాంబాడా, జంతుశాల లేచాయి. ఆయన వెంట వచ్చిన వంటవాళ్లు, దర్జీలు, సంగీతకారులు, గాలిపటాలు చేసేవాళ్లు చుట్టూ చేరారు. చిన్నప్పుడు అక్కడే పెరిగిన ఉర్దూ రచయిత అబ్దుల్ హలీం షరర్ ఆ పేటను రెండో లక్నోగా తలుచుకున్నాడు. నవాబు పోగానే ఎస్టేటు ముక్కలైంది. ఎక్కువ భాగం అమ్ముడుపోయింది, కూలింది. ఆయన సమాధి ఉన్న సిబ్తైనాబాద్ ఇమాంబాడా ఇప్పటికీ నిలిచి ఉంది.

1892లో ఖిదిర్‌పూర్ డాక్, 1929లో కింగ్ జార్జ్ డాక్ వచ్చాయి. ఇవాళ ఈ రెండోదాన్ని నేతాజీ సుభాష్ డాక్ అంటున్నారు. గట్టు వెంట రైల్వే హెడ్డాఫీసు, నౌకలు కట్టే గార్డెన్ రీచ్ షిప్‌బిల్డర్స్, కేశోరాం నూలు మిల్లు, సబ్బుల ఫ్యాక్టరీ, నీళ్ల పంపుహౌసు ఒక్కొక్కటే కూర్చున్నాయి. ఫలితంగా ఈ పేటలో అన్నిటికన్నా విలువైన నేల, అంటే నది కనిపించే నేల, అసలు అమ్మకానికే లేదు. లోతట్టున ఉన్న కొద్ది స్థలం మీదే జనం, వ్యాపారం, మసీదు, బడి అన్నీ సర్దుకోవాలి. మెటియాబ్రుజ్ రద్దీని అక్కడి మనుషుల స్వభావంగా రాసేవాళ్లు ఈ భూమి లెక్కను మరిచిపోతుంటారు.

ఇక సిద్ధాంతం. ఆర్థికవేత్త విలియం అలొన్సో 1964లో చెప్పిన సూత్రం ప్రకారం నగర కేంద్రానికి దూరమయ్యేకొద్దీ నేల ధర తగ్గుతుంది. ప్రయాణ ఖర్చు పెరుగుతుంది కాబట్టి. 1974లో షెర్విన్ రోజెన్ ఇంకాస్త ముందుకెళ్లి, ఇంటి ధరను దాని లక్షణాలుగా విడదీయవచ్చన్నాడు: గదికి ఇంత, గాలికి ఇంత, బస్టాపుకి ఇంత. ఈ రెంటిలోనూ ఒక ఊహ దాగి ఉంది. ఇల్లు ఒకచోట, పని మరోచోట అన్న ఊహ. మెటియాబ్రుజ్‌లో అది నిలవదు.

ఒక ఉస్తాగర్ ఇంటిని చూడండి. దర్జీలను పెట్టుకుని సరుకు కుట్టించే యజమానిని అక్కడ ఉస్తాగర్ అంటారు. నేల అంతస్తులో తానులు, మూటకట్టిన సరుకు. మెట్లెక్కితే కటింగ్ బల్ల; పొరలు పొరలుగా పరిచిన గుడ్డ మీద సుద్దగీతలు, పక్కన కరెంటు కత్తెర. ఆ పైన వరసగా మిషన్లు, గోడవార కుర్రాళ్ల చాపలు చుట్టి పెట్టి ఉంటాయి. పగలు కుట్టినచోటే రాత్రి పడక. అన్నిటికీ పైన కుటుంబం. బొత్తాలు కుట్టడం, కాజాలు తీయడం పక్క సందులోని ఆడవాళ్ల చేతుల మీదుగా సాగుతుంది. వారం చివర హాట్ (సంత) రోజున మూటలన్నీ వ్యాన్ రిక్షాల మీద జబ్బార్ హాట్ వంటి బజార్లకు కదులుతాయి. బీహార్, అస్సాం, ఒడిశా వ్యాపారులు అక్కడే బేరమాడి సరుకు ఎత్తుతారు. పిల్లల బట్టల్లో ఈ పేటకు దేశమంతటా మార్కెట్ ఉంది. మూట ఇంటి గుమ్మం నుంచి హాట్ దాకా వెళ్లే ఖర్చు, ఆర్డర్ హఠాత్తుగా పెరిగితే పక్కింటి నుంచి పది మిషన్లు అరువు తెచ్చుకునే వీలు, అప్పు మీద గుడ్డ ఇచ్చే కొట్టు, ఇవన్నీ ఆ ఇంటి ధరలో కలిసి ఉంటాయి. గాలి ఆడని మూడో అంతస్తుకు అంత ధరేమిటని బయటివాడు ముక్కున వేలేసుకుంటాడు. ఉస్తాగర్ లెక్కలో అది చవకే.

ఇప్పుడు ఇరుగుపొరుగు సంగతి. ఖిదిర్‌పూర్ నగరానికి ఇంకా దగ్గర. రేసుకోర్సు, అలీపూర్ పక్కనే. 1992లో విద్యాసాగర్ సేతు తెరిచాక హౌరా వైపూ దారి కుదిరింది. కానీ పాత అద్దె ఇళ్లు, సలామీ (ముందుగా కట్టే మొత్తం) ఇచ్చి తరాలుగా ఉంటున్న కిరాయిదార్లు, డాక్ లారీలు. అక్కడ కొత్తగా ఖాళీ ఇల్లు దొరకడమే గొప్ప. దొరికినా దాని చరిత్ర తవ్వుకోవాలి.

బెహాలా వేరే లోకం. డైమండ్ హార్బర్ రోడ్డుకు అటూ ఇటూ ఉద్యోగస్తుల బెంగాలీ కుటుంబాలు, ప్లాను ప్రకారం కట్టిన నాలుగంతస్తుల ఫ్లాట్లు. బ్యాంకు లోను సులువుగా వస్తుంది. 2018 సెప్టెంబరులో మాజేర్‌హాట్ వంతెన కూలినప్పుడు ఆ పేట నగరానికి దాదాపు దూరమైపోయింది. కొత్త వంతెన 2020 డిసెంబరులో తెరుచుకుంది. జోకా నుంచి తారాతలా దాకా మెట్రో 2022 డిసెంబరులో మొదలై, 2024 మార్చిలో మాజేర్‌హాట్ చేరింది. ఫ్లాటు ధర రోజెన్ చెప్పినట్టు లక్షణాల మొత్తంగా నడిచే పేట ఈ నాలుగింటిలో ఏదైనా ఉందంటే ఇదే.

మహేశ్‌తలా కోల్‌కతా కార్పొరేషన్ బయట, సొంత మునిసిపాలిటీ. 2011 జనగణనలో దాదాపు నాలుగున్నర లక్షల జనాభా. బజ్‌బజ్ రైలు మార్గంలో సంతోష్‌పూర్, ఆక్రా, నుంగి స్టేషన్లు, బాటా కంపెనీ 1930ల్లో కట్టిన బాటానగర్, 2019లో వచ్చిన సంప్రీతి ఫ్లైఓవర్ దాని బలాలు. ఇక్కడ ఇంకా కాఠాల లెక్కన నేల దొరుకుతుంది. మనవాళ్ల కొలతలో కాఠా అంటే 720 చదరపు అడుగులు, సరిగ్గా 80 గజాలు. నాలుగు కాఠాలు కొన్నవాడికి 320 గజాల స్థలం. మెటియాబ్రుజ్‌లో అది కలలో మాట. అందుకే మిషన్లు కూడా ఆక్రా, సంతోష్‌పూర్ వైపు పాకాయి. హాట్ మాత్రం కదల్లేదు.

ఇక కాగితం. మన దగ్గర ఇల్లు కొనేవాడు లింకు డాక్యుమెంట్లు, ఈసీ, ఎల్‌ఆర్‌ఎస్ అంటూ తిరిగినట్టే అక్కడా తిరగాలి, కానీ చిక్కులు వేరు. కోల్‌కతా పాత బస్తీల్లో నేల ఒకరిది, దాని మీద ఇల్లు మరొకరిది, అందులో ఉండేది మూడో మనిషి. నడిమి మనిషిని ఠికా టెనెంట్ అంటారు. 1981 చట్టంతో ఆ నేలలు ప్రభుత్వపరమయ్యాయి. 2001లో దాని స్థానంలో కొత్త చట్టం వచ్చింది. ఠికా నేల మీద ఇల్లు కొన్నవాడి చేతికొచ్చేది మన అర్థంలో పట్టా కాదు. దీనికి తోడు వక్ఫ్ ఆస్తులు, పోర్టు లీజు భూములు. గార్డెన్ రీచ్ ఒకప్పుడు విడి మునిసిపాలిటీ. 1984లో గానీ కార్పొరేషన్‌లో కలవలేదు. అప్పటికే వీధులు ఎలా పడితే అలా స్థిరపడిపోయాయి. నాలుగడుగుల సందులో ఐదంతస్తులకు ఏ ఇంజనీరూ ప్లాను మంజూరు చేయలేడు. ప్లాను లేకపోతే బ్యాంకు అప్పు లేదు. అప్పు లేకపోతే నగదు, చుట్టాల చేబదులు, ప్రమోటరుకు వాయిదాలు. ప్రమోటరు అంటే మన బిల్డరే. స్థలం యజమానికి వాటాగా కొన్ని అంతస్తులిచ్చి మిగతావి అమ్ముకుంటాడు. అప్పు పుట్టని చోట ధర తగ్గాలని పాఠ్యపుస్తకం చెబుతుంది. హాట్‌కు దగ్గరైన సందుల్లో చేతిలో నగదున్న ఉస్తాగర్ ఆ పాఠాన్ని చెల్లనివ్వడు.

ఈ లెక్కలో ఎవరూ వేసుకోనిది ప్రాణభయం. 2024 మార్చి 17 అర్ధరాత్రి గార్డెన్ రీచ్‌లోని అజహర్ మొల్లా బాగాన్‌లో కడుతున్న ఐదంతస్తుల భవనం పక్కనున్న గుడిసెల మీద కూలింది. పది మందికి పైగా చనిపోయారు. భవనానికి అనుమతి లేదని మరునాడే బయటపడింది. చెరువు పూడ్చిన నేల అన్న మాటా వచ్చింది. 5 కాఠాలు, అంటే 400 గజాలు, అంతకు మించిన ఏ నీటిగుంటనూ పూడ్చకూడదని పశ్చిమ బెంగాల్ మత్స్య చట్టంలో ఉంది. హైదరాబాద్‌లో 2024లో చెరువు ఆక్రమణలు తొలగించే హైడ్రా వచ్చాక ఎఫ్‌టీఎల్ (చెరువు నిండు నీటిమట్టం) అన్న మూడక్షరాలు నేర్చుకున్న మన కొనుగోలుదారులకు ఈ కథ కొత్త కాదు. తేడా ఒకటుంది: అక్కడ చనిపోయినవాళ్లలో ఎక్కువమంది ఆ భవనంలో ఏమీ కొన్నవాళ్లు కాదు, పక్కన ఉన్నవాళ్లు. జార్జ్ అకెర్లాఫ్ 1970లో రాసిన వ్యాసం నాణ్యత తెలియని సరుకు మార్కెట్‌ను ఎలా పాడుచేస్తుందో చూపింది. అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు; దాంతో మంచి సరుకుకూ మంచి ధర రాదు. ఇక్కడ పునాదిలో ఇనుమెంతో కొనేవాడికీ తెలియదు, పక్కింటివాడికీ తెలియదు. గట్టిగా కట్టిన ప్రమోటరు ఆ ఖర్చును ధరలో రాబట్టుకోలేడు కాబట్టి గట్టిగా కట్టే ఆసక్తి తగ్గుతుంది. మంజూరైన ప్లాను ఈ జబ్బుకు మందు కావాలి. సందు వెడల్పు ఆ మందును అందనివ్వదు.

మరి కాగితం అంత ముఖ్యమైతే ఉస్తాగర్ బెహాలాలో ఎందుకు కొనడు? పని ఒక కారణం, అది చెప్పుకున్నాం. రెండోది ఎక్కువమంది మొహమాటపడి దాటేసేది: మతం. ముస్లింలు ఎక్కువగా ఉన్న పేట ఇది. 1946 ఆగస్టు మత మారణకాండలో ఈ పేటలోనే, లిచూబాగాన్‌లో, కేశోరాం మిల్లు ఒడియా కూలీలు పెద్ద సంఖ్యలో హతమయ్యారు. దేశ విభజన తరవాత కలకత్తా ముస్లింలు కలిసిమెలిసి ఉన్న పేటలు వదిలి కొన్ని చోట్లకే ఎలా కుదించుకుపోయారో చరిత్రకారిణి జయా చటర్జీ వివరంగా రాసింది. భయం రెండు వైపులా ఇళ్లను కదిలించింది. 2006లో సచార్ కమిటీ నివేదిక ముస్లింలకు ఇల్లు అద్దెకైనా, కొనుక్కోవడానికైనా దొరకని ఇబ్బందిని నమోదు చేసింది. థామస్ షెల్లింగ్ 1971 నమూనాలో ఒక్కొక్కరి చిన్న ఇష్టాలే కలిసి పేటలను విడదీస్తాయి. నాకు ఆ నమూనా ఇక్కడికి చాలదనిపిస్తుంది. అందులో తలుపు తట్టినవాడికి ఇల్లు లేదని చెప్పే యజమాని లేడు. మెటియాబ్రుజ్‌లో కొన్నవాడి ఎంపికను ఇష్టంగా లెక్కగట్టే ముందు, బెహాలాలో అతనికి ఎన్ని ఇళ్లు నిజంగా అమ్మకానికి ఉన్నాయో అడగాలి. లేకపోతే వివక్ష కాస్తా అభిరుచిగా గణాంకాల్లోకి ఎక్కుతుంది.

పేటలకు అధికారికంగా మార్కులు వేసే పని కార్పొరేషన్ 2017 నుంచి చేస్తూనే ఉంది. యూనిట్ ఏరియా పద్ధతిలో నగరంలోని బ్లాకులన్నీ ఏ నుంచి జీ వరకు ఏడు తరగతులు. 2017 రేట్లలో ‘ఏ’ తరగతికి చదరపు అడుగుకు ఏడాదికి 74 రూపాయలు, ‘జీ’కి 13. మార్కెట్ ధరా, సదుపాయాలూ చూసి తరగతి నిర్ణయిస్తారు. పన్నుకు అది ఆధారం. పన్ను సంగతి వరకు మంచి సంస్కరణే, గతంలో ఇన్‌స్పెక్టర్ దయ మీద నడిచేది. పోలికకు మాత్రం పనికిరాదు. ఒకే బ్లాకులో హాట్ రోడ్డు మీది ఇల్లూ, రెండు మలుపుల లోపలి ఇల్లూ ఒకే తరగతి. ఉస్తాగర్ వాటిని ఒకే ధరకు కొనడు.

కాబట్టి ఈ నాలుగు పేటల మీద సర్వే చేసేవాళ్లు చదరపు అడుగు ధర ఒక్కటే రాసుకుంటే సగం పనే అవుతుంది. ఆ ఇంట్లో ఎన్ని మిషన్లు తిరుగుతాయి, సరుకు హాట్‌కు ఎవరు మోస్తారు, డబ్బు బ్యాంకుదా చేబదులా, ప్లాను ఎన్ని అంతస్తులకు, కొన్నవాళ్లు ఇంకెక్కడ అడిగి వెనక్కి వచ్చారు అన్నవి ధర పక్కనే రాయాలి. ముఖ్యంగా రెండిళ్ల కుటుంబాలను వదలకూడదు. కటింగ్ బల్ల మెటియాబ్రుజ్‌లోనే ఉంచి, కాపురాన్ని మహేశ్‌తలాకు మార్చుకున్న ఇంటిని ఏ పేట లెక్కలో వేయాలి? బాటానగర్‌లో పాత ఫ్యాక్టరీ నేల మీద కట్టిన టవర్లను నదివైపు కిటికీ చూపించి అమ్ముతున్నారు. ఎగువన మెటియాబ్రుజ్‌కు ఎప్పుడూ అందని నది అదే. ఉస్తాగర్ కొడుకు ఆ కిటికీ కొన్న రోజున అలొన్సో, రోజెన్ ఇద్దరూ అతనికి సరిపోతారు. తండ్రికి మాత్రం హాట్ రోజున మూట మోసుకెళ్లే దూరమే ఇంకా ధర.