కాందిశీకులును వలసకూలీలును

“ఏ దిక్కునకు పోదును?” అని భయమున పరుగెత్తువాడు కాందిశీకుడు. కూటికై వలసపోవువానికి పోవలసిన దిక్కు ముందే తెలిసియుండును. బర్మాకు కూలికై వలసపోయిన మనవారే 1942లో యుద్ధభయమున కాందిశీకులై మరలివచ్చిరి. కావున ఒక్క మనుజుడే రెండును కావచ్చును. ఈ భేదమును యూరపు ఖండ మెట్లు నేర్చుకొనెనో విచారింతము.

1685లో ఫ్రాన్సు రాజగు పదునాల్గవ లూయీ ప్రొటెస్టంటు మతస్థుల యారాధనమును నిషేధించెను. వారు దేశము విడుచుటయు నేరమే. పట్టుబడిన పురుషులకు ఓడలలో తెడ్లు లాగుట శిక్ష. అయినను హ్యూగెనాటులనబడు వీరు లక్షకు మించి ఇంగ్లండు, హాలెండు, ప్రష్యా దేశములకు పారిపోయిరి. లండనునందలి స్పిటల్‌ఫీల్డ్సులో వారిలో పెక్కండ్రు పట్టునేతచే జీవించిరి. అంతమాత్రమున వారు ధనాశచే వచ్చిరనదగునా?

1938 జూలైలో ఫ్రాన్సునందలి ఎవియాను పట్టణమున 32 దేశముల ప్రతినిధులు సమావేశమైరి. జర్మనీ ప్రభుత్వము 1933 మొదలు యూదులను ఉద్యోగములనుండి తొలగించి, దేశము విడుచువారి ధనమును పన్నుల పేర లాగికొనుచుండెను. అందుచే వారు నిరుపేదలై పరదేశముల తలుపు తట్టిరి. తమ దేశమున నిరుద్యోగ మధికమని చెప్పి పెక్కు ప్రభుత్వములు వారిని చేర్చుకొనవయ్యెను. హింస మొదట అన్నమును, పిదప ప్రాణమును హరించును. ఆ ప్రతినిధులు వచ్చినవారి యాకలిని జూచిరేగాని ప్రాణభయమును గణింపరైరి. తరువాతి మారణకాండను లోకమెరుగును.

యుద్ధానంతరమున 1951లో జెనీవాయందు ఒక యొడంబడిక జరిగెను. జాతి, మతము, జాతీయత, సాంఘికవర్గము, రాజకీయాభిప్రాయము అను కారణములచే హింసింపబడుదునను సహేతుకమగు భయముతో స్వదేశము వెలుపల నున్నవాడు శరణార్థి యని అది నిర్వచించెను. అట్టివానిని అపాయస్థలమునకు మరల త్రోయరాదని విధించెను. మొదట 1951 జనవరి 1కి పూర్వపు సంఘటనలకే వర్తించిన యీ నియమమును 1967లో ఆ కాలపరిమితినుండి విడిపించిరి.

1961నాటి యొప్పందముచే పశ్చిమజర్మనీకేగిన తుర్కీ కార్మికుల సంగతి వేరు. వారు పిలువగా పనికి పోయినవారు. సాధారణముగ వారికి స్వదేశపు దారి మూసికొనలేదు. 1973లో ఆ ప్రభుత్వము అట్టి పిలుపును మానెను. క్రొత్త కూలీలను వలదనుట రాజ్యమునకు చెల్లును. శరణార్థిని ప్రాణాపాయమునకు అప్పగించుట చెల్లదు.

పాఠకులారా! కూటికై వచ్చుట నేరము కాదు. అయినను పేదరికమొక్కటే చూచి తీర్పు చెప్పినచో ఎవియాను నాటి తప్పే మరల జరుగును. తలుపు తట్టినవాడు మరలిపోయినచో వానికేమగునో ముందు విచారించుట ధర్మము.