1908: బెజవాడలో రాజద్రోహం, మైసూరులో అనుమతి

కుందలహళ్ళిలో కాపురాలు పెట్టుకొన్న మన తెలుగువారికి బెజవాడ ఒక సీమ, మైసూరు వేరొక సీమ. కాని పత్రికల నోరు కట్టడంలో ఈ రెండింటినీ 1908వ సంవత్సరం ఒకచోట చేర్చింది.

ఆ యేడు బెజవాడ నుండి ‘స్వరాజ్య’ అనే వారపత్రిక వెలువడేది. సంపాదకులు కర్నూలులో జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు పంతులుగారు. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమహేంద్రవరం వచ్చిన సందర్భంలో వందేమాతర ఉద్యమంలో పాల్గొన్నందుకు ఆయనను అక్కడి ట్రైనింగు కళాశాల నుండి వెళ్ళగొట్టారు. సర్కారు కొలువు తలుపులు మూసి, దొరలే ఆయనను పత్రికారచనలోకి తోశారనుకోవచ్చు.

1908 మార్చిలో చిదంబరం పిళ్ళైగారి అరెస్టుపై తిరునల్వేలి అట్టుడికింది. పోలీసుల కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అప్పుడు ‘స్వరాజ్య’ విదేశీ ప్రభుత్వాన్ని క్రూరమైన పులితో పోల్చింది. పీనల్ కోడు 124-ఎ సెక్షను కింద పంతులుగారిని, ఆయనతోబాటు బోడి నారాయణరావుగారిని బోనెక్కించారు. కింది కోర్టు పంతులుగారికి ఆరు మాసాలు విధించింది. అది చాలదన్నారు, మద్రాసు హైకోర్టులో అది మూడేళ్ళయింది. ద్వీపాంతరం మాట అటుంచితే, ఆ సెక్షను కింద వేయదగిన ఖైదులో అదే గరిష్ఠం. ఒక పోలికకు వెల మూడేళ్ళు!

మరి మన కుందలహళ్ళి? అప్పుడది మైసూరు మహారాజావారి ఏలుబడిలోని పల్లె. అదే 1908లో, దివాను వి. పి. మాధవరావుగారి హయాములో, అక్కడ పత్రికల రెగ్యులేషను వచ్చింది. పత్రిక నడపాలంటే ముందుగా సర్కారు అనుమతి పొందాలి. బెజవాడలో వ్రాసిన తరువాత శిక్ష. ఇక్కడ వ్రాయకముందే కట్టడి. నా మట్టుకు రెండవదే గడుసుది. బోను లేదు, ఖైదీ లేడు, కనుక జనం చెప్పుకొనేందుకు కథా లేదు.

దొరలు వెళ్ళినా సెక్షను వెళ్ళలేదు. 1950లో ‘క్రాస్ రోడ్స్’ అనే బొంబాయి వారపత్రికను మద్రాసు ప్రభుత్వం తన రాష్ట్రంలోకి రానివ్వలేదు. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పటికి ఆ రాష్ట్రంలోవే. మే 26న సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని కొట్టివేసింది. మరుసటి యేడే మొదటి రాజ్యాంగ సవరణ వచ్చి, వాక్‌స్వాతంత్ర్యానికి పెట్టదగిన హద్దులలో శాంతిభద్రతలను చేర్చింది. గ్రంథాలయోద్యమానికి, వయోజన విద్యకు జీవితం ధారపోసిన పంతులుగారు ఇదంతా చూసి 1960లో కన్నుమూశారు. హింసకు, అలజడికి పురికొల్పే మాటలకే 124-ఎ వర్తిస్తుందని 1962లో కేదార్‌నాథ్ సింగ్ కేసులో తీర్పు వచ్చింది.

2022 మే 11న సుప్రీంకోర్టు ఆ సెక్షను అమలును నిలిపి ఉంచింది. పిటిషనుదారులలో ఒకరు మైసూరు వాసి, విశ్రాంత మేజర్ జనరల్ వొంబాట్కెరె. 2024 జూలై 1న పీనల్ కోడు స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. రాజద్రోహమన్న పేరు అందులో లేదు. దేశ సార్వభౌమత్వానికి అపాయం తెచ్చే మాటలకు యావజ్జీవ ఖైదు వరకు విధించగల 152వ సెక్షను మాత్రం ఉన్నది. దాని మీద కూడా ఆ వృద్ధ సైనికుడే 2025లో మళ్ళీ సుప్రీంకోర్టు మెట్లెక్కారు.